పైకి చదవరాదు

ఆ పరీక్షా కేంద్రంలో నోరు తెరిచే హక్కు ఒక్క ఏసీకే ఉంది. అది గురకపెట్టినా ఎవరూ హెచ్చరించరు. మిగతా అందరి కోసం గోడల మీద నాలుగు చోట్ల ఒకటే బోర్డు: 'పైకి చదవరాదు.'

లోపల ఎనిమిది కుర్చీలు, ఎనిమిది తెరలు, వాటి ముందు ఎనిమిది వంగిన తలలు. అద్దానికి ఇవతల ఒకే కుర్చీ, అందులో డేగమ్మ. ఆ పేరు పరీక్షలకి వచ్చేవాళ్ళు పెట్టింది. ఎదురుగా మేడమ్ అంటారు, వెనక డేగమ్మ అంటారు. తొమ్మిదేళ్ళ సర్వీసులో ఆవిడ వీపు కూడా ఆ పేరుకి పలకడం నేర్చుకుంది. కంప్యూటర్ల పనివాళ్ళెవరికి సర్టిఫికెట్ కావాలన్నా ఆవిడ కళ్ళ ముందు కూర్చుని రాయాల్సిందే. వచ్చినవాళ్ళకి అది పరీక్ష, ఆవిడకి నిరీక్ష, తప్పినవాళ్ళకి శిక్ష. మూడింట్లోనూ 'క్ష' ఉంది గానీ, క్షమ అన్న మాట మాత్రం నియమావళిలో ఎక్కడా లేదని ఆవిడ గట్టి నమ్మకం.

సోమవారం తొమ్మిదింటి పరీక్షకి ఒకాయన ఎనిమిదింటికే వచ్చి, బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఏభై ఏళ్ళుంటాయి. చొక్కా కొత్తది, పెట్టెలోంచి తీసిన మడతలు ఇంకా పోలేదు. చేతులు మాత్రం బాగా పాతవి. వేలి కొసలు గట్టిపడ్డాయి. తీగలు లాగిలాగి చూపుడువేలి పక్కన పడిన గాడి సన్నగా మెరుస్తోంది.

"జేబులు తిరగెయ్యండి," అంది డేగమ్మ.

ఆయన జేబుల్లోంచి ఒక చిన్నపాటి దుకాణం బయటికొచ్చింది. పొట్టి స్క్రూడ్రైవరు, జానెడు నీలం కేబుల్ ముక్క, ప్లాస్టిక్ కనెక్టర్లు ఆరు, అంకెలు అచ్చేసిన స్టిక్కర్ల చుట్ట ఒకటి.

"పరీక్షకి ఇవన్నీ ఎందుకు తెచ్చారు?"

"నేను తేలేదమ్మా, అవే వచ్చాయి. చొక్కా కొత్తదే గానీ ప్యాంటు పాతది. ఇవాళ పని లేదని దానికి ఇంకా చెప్పలేదు."

డేగమ్మ నవ్వలేదు. నవ్వకూడదని నియమం లేదు గానీ, నవ్వొచ్చని కూడా లేదు. కళ్ళజోడు తీయించి రెండు కాడలూ వెలుతురులో తిప్పి చూసింది. చెవులు చూసింది. చొక్కా చేతులు మోచేతిదాకా మడతపెట్టించింది. లాకరు తాళం చెవి, తుడిచి రాసుకునే ప్లాస్టిక్ అట్టలు రెండు, ఒక మార్కరు ఆయన చేతిలో పెట్టింది. వేలితో తెర మీద సంతకం చేయడం ఆయనకి కొత్త. మొదటిసారి గీత పక్కకి పోయింది, రెండోసారి వేలు పోయింది. మూడో సంతకం కుదిరేలోగా తన కథంతా చెప్పేశాడు.

"పెద్దాసుపత్రిలో కేబుళ్ళు లాగుతానమ్మా. మేస్త్రీ అంటారు. కొత్త మేనేజ్‌మెంటు వచ్చింది. వచ్చే సోమవారం ఒకటో తారీఖు కదా, ఆ రోజు నుంచి నెట్‌వర్కు స్విచ్చుల బీరువా తాళాలు సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ చేతికేనట. ఆ బీరువా గోడకి బిగించింది నేను. లోపలి తీగలన్నీ నేను లాగినవే. తాళాలకి కట్టిన తాడు కూడా నాదే. సర్టిఫికెట్ లేకపోతే దుప్పట్ల స్టోర్లో కూర్చోమన్నారు."

"అదీ ఉద్యోగమేగా," అంది డేగమ్మ, మూడో సంతకం కోసం తెర తుడుస్తూ.

"ఉద్యోగమేనమ్మా. దుప్పటి కప్పినట్టే ఉంటుంది. మొహం మీదిదాకా."

లోకం తీరే అంత. సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి సర్ అంటుంది, లేనివాణ్ణి సర్దుకోమంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఆసుపత్రి నెట్‌వర్కుని ఆయనే నెట్టుకొస్తున్నాడు. కేబుల్ పనిలో అంత ఏబుల్ మనిషిని చూపించమంటే అక్కడి డాక్టర్లు కూడా ఆయన్నే చూపిస్తారు. కానీ చూపించడానికి ఆయన దగ్గర కాగితం లేదు.

అయిదో నంబరు కుర్చీలో కూర్చోబెట్టి ఇవతలికి వచ్చింది. పది నిమిషాలు గడవలేదు, అయిదో కెమెరాలో పెదవులు కదిలాయి. కాసేపటికి పెదవులకి గొంతు కూడా తోడైంది. ఆవిడ లోపలికి వెళ్ళి, బల్ల మీద రెండు వేళ్ళతో తట్టి, మొదటి హెచ్చరిక అట్ట చూపించింది. ఆయన ఉలిక్కిపడి రెండు చెంపలూ వేసుకున్నాడు. పావుగంట పెదవులు పళ్ళ కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పావుగంటలో ఒక్క ప్రశ్న కూడా ముందుకి జరగలేదు. మళ్ళీ మొదలు. రెండో హెచ్చరిక. ఈసారి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆరో కుర్చీలో అమ్మాయి తల తిప్పి చూసింది.

తరవాత తీగల రంగుల వరస ప్రశ్న వచ్చింది కాబోలు. చెయ్యి తనంతట తనే కిందికి దిగిపోయింది. గదిలో అందరికీ వినపడేలా, పద్యం చెప్పినట్టు సాగిపోయింది గొంతు:

"నారింజ చార, నారింజ. ఆకుపచ్చ చార, నీలం. నీలం చార, ఆకుపచ్చ. గోధుమ చార, గోధుమ!"

మూడు. డేగమ్మ మీట నొక్కింది. అయిదో తెర తెల్లబోయింది. దాని ముందు మేస్త్రీ కూడా.

బయటికి వచ్చి లాకరు తీసి సామాన్లన్నీ ఒక్కొక్కటే జేబుల్లోకి సర్దుకున్నాడు. గొడవ పెట్టుకుంటాడేమోనని డేగమ్మ నియమావళి దగ్గరికి లాక్కుంది. అదే ఆవిడకి డాలు.

"మీ తప్పేం లేదమ్మా. మీరు రెండుసార్లు చెప్పారు," అన్నాడాయన. తల వంచుకుని కనెక్టర్లు లెక్కపెట్టుకుంటూ కొనసాగించాడు. "మా పనిలో ఏం చేస్తామంటే, నేను సీలింగ్ పైన చీకట్లో పాకుతూ ఉంటాను. తీగ చేతికి తగలగానే 'ఇరవై మూడు' అని అరుస్తాను. కిందున్నవాడు 'ఇరవై మూడు' అని తిరిగి అరవాలి. అప్పుడే అది ఇరవై మూడు. అరవకపోతే అది ఒట్టి తీగ. ఆపరేషన్ గది తీగ తీసుకెళ్ళి క్యాంటీన్లో గుచ్చితే ఎలా చెప్పండి? ఇరవై రెండేళ్ళుగా నోటితో పలకంది ఏదీ నాకు లెక్కలోకి రాదమ్మా. చదువు కూడా అలాగే అయిపోయింది. మా ఆవిడ ముందు అన్నీ కరెక్టుగానే చెప్పాను. తను తిరిగి చెప్పేది."

తాళం చెవి ఆవిడ బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టి వెళ్ళిపోయాడు.

*

డేగమ్మ ఇంట్లో కథ వేరు. అత్తగారికి డెబ్బై ఎనిమిది. చెవులు ఎప్పుడో రిటైరయ్యాయి, నోరు ఎక్స్‌టెన్షన్ మీద పనిచేస్తోంది. ఆఫీసులో పగలంతా మింగిన మాటలన్నీ కోడలు ఇంటికొచ్చి ఆవిడ చెవిలో గుమ్మరిస్తుంది. డేగమ్మ 'టీ తాగుతారా' అని అత్తగారిని అడిగితే, 'తాగుతాం' అని పక్కింటివాళ్ళు జవాబివ్వడం మామూలే.

మంగళవారం పొద్దున, మొగుడు డ్యూటీకి వెళ్ళిపోయాక, డేగమ్మ జడ వేసుకుంటోంది. అత్తగారు కిటికీ దగ్గర పేపరు పట్టుకుని వేలు జరుపుతూ చదువుతోంది.

"వంతెన... మరమ్మతులకు... మరోసారి... హామీ..."

డేగమ్మ చేతిలో జడ ఆగిపోయింది.

"అత్తయ్యా! ఒక్కసారి మనసులో చదువుకోండి!"

"ఎక్కడా?"

"మనసులో! నోరు కదపకుండా!"

అత్తగారు కోడల్ని ఎగాదిగా చూసి, సరేనని పెదవులు బిగించింది. కళ్ళు అక్షరాల మీద నడిచాయి. వేలు పేజీ కిందిదాకా వెళ్ళింది.

"ఏం రాశాడు?" అని అరిచింది డేగమ్మ.

"ఏమోనే. బొమ్మ బాగుంది." ఆవిడ పేపరు ఒళ్ళో పెట్టుకుంది. "నోరు కట్టేసుకుంటే అది చూడ్డం అవుతుంది గానీ చదవడం ఎలా అవుతుందే పిల్లా? అయినా పొద్దున్నే ఈ పరీక్షలేమిటి నాకు? ఎవరి నోరు కట్టేసి వచ్చావు?"

డేగమ్మ ఏమీ అనలేదు. ఆ ఇంట్లో ఆవిడ గొంతు తగ్గడం అరుదు. అందుకే ఆ మౌనం అత్తగారికి బాగా వినపడింది.

"పోనీలే. కట్టినదానివి విప్పలేవా?" అని మళ్ళీ వంతెన మరమ్మతుల్లో పడిపోయింది.

నియమావళి నూట పన్నెండు పేజీల పుస్తకం. ఉద్యోగంలో చేరినప్పుడు నలభై పేజీలు కూర్చోబెట్టి నేర్పారు. మిగతాది వీలున్నప్పుడు చూసుకోమన్నారు. ఆ వీలు తొమ్మిదేళ్ళుగా సెలవులో ఉంది. ఆ రోజు మొదటి బ్యాచిని కూర్చోబెట్టాక డేగమ్మ నలభై ఒకటో పేజీ తెరిచింది. పేజీలు కొత్త నోటుబుక్కులా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఒక కన్ను కెమెరాల మీద, ఒక కన్ను పుస్తకంలో. డెబ్బై ఒకటో పేజీలో రెండు కళ్ళూ ఒక్కచోటే ఆగాయి.

పైకి చదువుకుంటే తప్ప అర్థం చేసుకోలేని అభ్యర్థికి వేరే గది ఇవ్వవచ్చు. అందుకు డాక్టరు లేఖ చాలు. గది గోడలతో సహా బోసిగా ఉండాలి. పర్యవేక్షకుడు అదే గదిలో కూర్చోవాలి, పలకరాదు. ఈ సదుపాయం ఉందని అభ్యర్థికి కేంద్రం ముందుగానే చెప్పాలి.

ముందుగానే చెప్పాలి. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదేళ్ళలో పెదవులు కదిపి బయటికి వెళ్ళినవాళ్ళు ఎంతమందో గుర్తుచేసుకోబోయింది. అంకెకి బదులు మొహాలు రావడం మొదలెట్టాయి. పుస్తకం మూసేసింది.

*

కేంద్రం యజమానిని అందరూ డైరెక్టరు గారంటారు. ఏ మాటనీ డైరెక్టుగా చెప్పకపోవడం ఆయన ప్రత్యేకత. బుధవారం పొద్దున్నే ఆవిడ చూపించిన పేజీని ఆయన దూరంగా పెట్టి చదివాడు, దగ్గరగా పెట్టి చదివాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. పేజీ మారలేదు.

"మీరంటున్నది నిజం కావచ్చు. కాకపోవడానికి కూడా వీల్లేకపోలేదు. మనం రెండో వైపు కూడా చూడాలి కదండీ."

"రెండో వైపు ఏముంది సార్?"

"రెండో వైపు మనం ఉన్నామండీ."

దారులు రెండున్నాయని ఆవిడ వివరించింది. మొదటిది మేస్త్రీ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవడం. అది తేలడానికి నెల పడుతుంది. అప్పటికి ఆయన దుప్పట్లలో ఉంటాడు. రెండోది, కేంద్రం తన పొరపాటుని సరిదిద్దమని పరీక్షల బోర్డుకి రాయడం. రెండు రోజుల్లో జవాబొస్తుంది, శనివారం పరీక్ష పెట్టొచ్చు. కాకపోతే ఆ ఫారంలో ఒక గడి ఉంది: పొరపాటు ఎవరిది?

"ఫారం నింపితే ఆయనకి ఫరవాలేదండీ," అన్నాడు డైరెక్టరు. "మనకే పర్మిషన్ ఉండదు. కేంద్రం తప్పని రాస్తే, రేపు కేంద్రమే ఉండకపోవచ్చు. ఉండదని నేననడం లేదు."

"కేంద్రం అని రాయను సార్. నా పేరు రాస్తాను."

ఆయన మొహంలో ఒక ఊరట వచ్చి, వచ్చినందుకు సిగ్గుపడి, సగంలో ఆగిపోయింది. "మీ ఇష్టం. వద్దనడం లేదు. రాయమనీ అనడం లేదు."

మధ్యాహ్నానికి మేస్త్రీ లేఖ పట్టుకుని వచ్చాడు. ఆవిడ ఫోన్ చేసినప్పుడు ఆయన నాలుగో అంతస్తు సీలింగ్‌లో ఉన్నాడట. విషయం వినగానే 'డాక్టరు లేఖ!' అని పైనుంచి అరిచాడు. కిందున్నవాడు అలవాటుగా 'డాక్టరు లేఖ!' అని తిరిగి అరిచాడు. నర్సులు కూడా విన్నారు. గంటలో లేఖ తయారైంది. చెవి డాక్టరు ఆయన్ని కూర్చోబెట్టి ఒకే పేజీ రెండు రకాలుగా చదివించాడు. పైకి చదివితే అంతా చెప్పాడు, లోలోపల చదివితే ఏమీ చెప్పలేకపోయాడు. 'ఈయన కళ్ళతో చూసి చెవులతో చదువుతాడు' అని రాసి ముద్ర వేశాడు.

"ఇలాంటిదొకటి ఉందని నాకు తెలీదమ్మా," అన్నాడు మేస్త్రీ.

"నాకూ తెలీదు. తెలియాల్సింది నాకు," అంది డేగమ్మ. ఆ మాట అనడానికి ఆవిడ కంప్యూటరు వైపు తిరగాల్సి వచ్చింది. గడిలో తన పేరు కొట్టింది. ఒక అక్షరం తప్పు పడింది, దిద్దింది. పంపించింది.

*

జవాబు శుక్రవారం సాయంత్రం వచ్చింది. రెండు పేరాలు. మొదటి పేరా మేస్త్రీది: శనివారం పది గంటలకి, వేరే గదిలో, పైకి చదువుకునే అనుమతితో. రెండో పేరా ఆవిడది: సోమవారం నుంచి విధులకు దూరంగా ఉండాలి. పర్యవేక్షకుల పరీక్ష మళ్ళీ రాయాలి. అరవై ప్రశ్నలు, పుస్తకం చూడరాదు, యాభై నాలుగు సరిపోవాలి, ఒకే అవకాశం. తప్పితే లైసెన్సు రద్దు.

ఒకటో తారీఖు మేస్త్రీ నెత్తి మీద నుంచి లేచి ఆవిడ నెత్తి మీద కూర్చుంది.

మొదటి పేరా ఫోన్లో మేస్త్రీకి చదివి వినిపించింది. రెండో పేరా తనలోనే పెట్టుకుంది. బస్సులో నియమావళి తెరిచి మొదటి పేజీ నుంచి చదవబోయింది. మూడు స్టాపులు గడిచినా మొదటి పేజీలోనే ఉంది. పక్క సీట్లో కునికిపాట్లు పడుతున్న ముసలాయనకి పక్కకి జరిగి భుజం ఇచ్చి, పుస్తకం సంచిలో పెట్టేసింది.

శనివారం ఏడింటికే వచ్చింది. బోసి గది కావాలి. ఉన్నది ఒక్క స్టోరు రూము. అందులో పనికిరాని కీబోర్డులు, కాలం చెల్లిన క్యాలెండర్లు, మూడు కాళ్ళ కుర్చీలు, ఇనప బీరువా. కీబోర్డుల అట్టపెట్టెలు ఒక్కొక్కటే నడవలోకి మోసింది. క్యాలెండర్లు పీకి, మేకులు కూడా పీకింది. బీరువా మాత్రం కదలనంది. భుజంతో తోస్తుంటే అవతలి వైపు నుంచి అది ఉన్నట్టుండి తేలికైంది. చూస్తే డైరెక్టరు గారు. చొక్కా చేతులు మోచేతిదాకా మడతపెట్టుకుని లాగుతున్నాడు.

"నేను సాయం చేస్తున్నానని కాదండీ. దారికి అడ్డంగా ఉందని."

బీరువా నడవలోకి వచ్చాక, నడుం పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. "రెండో పేరా నేనూ చూశాను," అన్నాడు. అంతకన్నా డైరెక్టుగా ఆయన ఏ రోజూ మాట్లాడలేదు.

పదింటికి మేస్త్రీ వచ్చాడు. ఈసారి ప్యాంటు కూడా కొత్తది. జేబులు తిరగేస్తే దారప్పోగు తప్ప ఏమీ రాలేదు. ఆ ఖాళీ చూసి ఆయనే కాస్త కంగారుపడ్డాడు. గదిలో ఒక బల్ల, ఒక తెర, రెండు కుర్చీలు, పైన కెమెరా. నాలుగు గోడలూ సున్నం తప్ప ఇంకేమీ కట్టుకోలేదు. డేగమ్మ తలుపు మూసి మూల కుర్చీలో కూర్చుంది. తొంభై ప్రశ్నలు, గంటన్నర. ఆవిడ మాట్లాడకూడదు. తల ఊపకూడదు. కనుబొమ్మ ఎగరెయ్యకూడదు.

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. మొదటి ప్రశ్న చదివాడు. మెల్లగా, ఒక్కో మాటా తాడు మీద ముడి తడిమినట్టు తడుముకుంటూ. తొమ్మిదేళ్ళుగా అద్దం వెనక నుంచి డేగమ్మ చూసిన పరీక్షలు వేలల్లో ఉన్నాయి. ఒక్క ప్రశ్న ఎలా ఉంటుందో చెవిన పడటం ఇదే మొదలు.

"ఒక కంప్యూటరుకి కనెక్షన్ రావడం లేదు. మొదట ఏది చూడాలి? ఏ, పాస్‌వర్డు. బి, ప్రోగ్రాము. సి, కేబులు, దాని దీపం వెలుగుతోందా లేదా. డి, మార్చి కొత్తది కొనాలి." ఆగాడు. "సి."

నొక్కలేదు. ఆగే ఉన్నాడు. తల కొంచెం వాల్చి, చెవి ఒకటి వెనక్కి పెట్టి. డేగమ్మకి అర్థమైంది. ఆయన కిందివాడి జవాబు కోసం చూస్తున్నాడు.

"సి," అన్నాడు మళ్ళీ. తెర మూలలో నిమిషాలు తరిగిపోతున్నాయి. ఆయన మెల్లగా వెనక్కి తిరిగి ఆవిడ వైపు చూశాడు. అడగడం కాదు అది. చీకట్లో నిచ్చెన మెట్టు కోసం కాలు వెతుక్కున్నట్టుంది ఆ చూపు. ఒక్క అక్షరం. ఆవిడ నాలుక చివరే ఉంది. అక్షరం పలికితే ఆయన పరీక్ష రద్దు. పలకకపోతే ఆయన అక్కడే ఉండిపోతాడు. డేగమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, గోడనే చూస్తూ కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగితే దాన్ని సైగ కింద లెక్కేస్తారో లేదో డెబ్బై ఒకటో పేజీలో రాయలేదు.

మేస్త్రీ ముందుకి తిరిగాడు. ఊపిరి తీసుకున్నాడు. సీలింగ్ పైనుంచి అరిచినట్టు, గుండె నిండా, "సి!" అన్నాడు.

బోసి గోడలు ఒక్క క్షణం ఆలోచించుకుని, "...సి" అన్నాయి.

మేస్త్రీ తలెత్తి నాలుగు గోడలూ చూశాడు. ఆయన మొహం మీదికి వచ్చిన నవ్వుని డేగమ్మ వెనక నుంచి చూడలేకపోయింది. చెవులు మాత్రం వెనక్కి జరగడం చూసింది. మీట నొక్కాడు.

ఇక ఆగలేదు. ప్రశ్న మెల్లగా, జవాబు గట్టిగా. గోడలు ఒక్కటి కూడా తప్పకుండా తిరిగి చెప్పాయి. రెండు వందల యాభై ఆరు నెట్‌వర్కు చిరునామాలని నాలుగు వాటాలు చేయమంటే, అట్ట మీద గీత గీసి, అడ్డగీత గీసి, "వాటాకి అరవై నాలుగు! మొదటిదీ చివరిదీ వాడుకోవడానికి రావు. అరవై రెండు!" అన్నాడు. అరవై రెండు, అన్నాయి గోడలు. తన మనసులో అరవై నాలుగు దగ్గరే ఆగిపోయిన డేగమ్మ లోలోపల దిద్దుకుంది. బయట నడవలో అడుగుల చప్పుడు వచ్చి, తలుపు దగ్గర ఆగి, చాలాసేపు అక్కడే ఉండి, మునివేళ్ళ మీద వెళ్ళిపోయింది. డైరెక్టరు గారి చెప్పులే.

తొంభయ్యో ప్రశ్న అయ్యేసరికి గొంతు బొంగురుపోయింది. ఇంకా ఆరు నిమిషాలున్నాయి. మేస్త్రీ రెండు చేతులూ బల్ల మీద బోర్లించి పెట్టి, "అయిపోయిందమ్మా" అన్నాడు. ఇప్పుడు మాట్లాడొచ్చు. ఆవిడ ముందు లేచి తలుపు తీసింది.

*

మార్కులు ముందు బల్ల దగ్గరి ప్రింటరులో వస్తాయి. కాగితం బయటికి రాగానే మడిచి, రాత లోపలికి ఉండేలా అందించి, 'ధన్యవాదాలు' అనడం పద్ధతి. తొమ్మిదేళ్ళుగా ఆ మడత ఒక్క రోజూ వంకర పోలేదు. ఇవాళ కాగితం చేతిలోకి తీసుకుని మడవబోతుంటే మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"పైకి చదవండమ్మా. నేను చదివితే మళ్ళీ మీరు తిరిగి చెప్పాలి."

డేగమ్మ కాగితం విప్పింది. తొమ్మిది వందలకి ఏడు వందల ఇరవై రావాలి.

"ఏడు వందల నలభై ఆరు," అంది.

"ఏడు వందల నలభై ఆరు," అన్నాడాయన. బెంచీ మీద కూర్చున్నాడు. వచ్చినప్పటి నుంచి ఆయన అక్కడ కూర్చోవడం అదే మొదలు. కాగితాన్ని జేబులో పెట్టుకోబోయి, మడతపడుతుందని మానేసి, రెండు చేతులతో పట్టుకున్నాడు. "సోమవారం తాళాలు తీసుకుని ఇటే వస్తానమ్మా. మీకు చూపించి వెళ్తాను. ఒట్టి తాళాలే అనుకోకండి. తాడు నాది."

"సోమవారం నేనుండను మేస్త్రీ గారూ."

"సెలవా?"

అబద్ధం చెప్పడానికి మంచి అవకాశం అది. డేగమ్మ ఆ అవకాశాన్ని చూసి, వదిలేసింది. రెండో పేరా చెప్పింది. అరవై ప్రశ్నలు, యాభై నాలుగు, ఒకే అవకాశం. బస్సులో మొదటి పేజీ కదలకపోవడం కూడా చెప్పింది.

మేస్త్రీ కాగితం జాగ్రత్తగా బెంచీ మీద పెట్టాడు. లేచి కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. వచ్చి ఆవిడ బల్ల మీది నియమావళి తీసుకున్నాడు. చివర నమూనా ప్రశ్నలుంటాయని ఆయనకి తెలుసు. అలాంటి పుస్తకాలన్నీ ఒకే తల్లి పిల్లలు.

"ఏ టైముకి వెళ్తారు మీరు ఇంటికి?"

"ఇంకో గంటలో."

"గంట చాలు ఇవాళ్టికి. రేపు మీ ఇంటికి మా ఆవిణ్ణి కూడా తీసుకొస్తాను, తను నాకన్నా బాగా అడుగుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా వినేవాళ్ళు?"

"అత్తగారున్నారు. వినపడదు."

"మరీ మంచిది. గట్టిగా చెప్పొచ్చు."

ఆయన పుస్తకం చాచిన చేతుల దూరంలో పట్టుకుని, బొంగురు గొంతుతో మొదటి ప్రశ్న చదివాడు.

"పరీక్ష జరుగుతుండగా అభ్యర్థి పెదవులు కదుపుతున్నట్టు కనిపిస్తే, పర్యవేక్షకుడు అన్నిటికన్నా మొదట ఏం చేయాలి?"

హెచ్చరించాలి అన్న మాట తొమ్మిదేళ్ళ అలవాటు మీద దానంతట అదే నాలుక మీదికి వచ్చేసింది. డేగమ్మ దాన్ని అక్కడే పట్టుకుంది. డెబ్బై ఒకటో పేజీ కళ్ళ ముందు లేదు. కళ్ళజోడు ముక్కు చివరికి జారిన ఈ మనిషే ఉన్నాడు.

"అడగాలి," అంది.

"ఆఁ? వినపళ్ళేదమ్మా. నేను సీలింగ్ పైన ఉన్నాననుకోండి."

"ఎందుకు అలా చదువుతున్నారని ముందు ఆయన్నే అడగాలి!"

లోపలి గదిలోంచి డైరెక్టరు గారు తలుపు తీసి, ఎవరు అరుస్తున్నారో చూసి, తలుపు మెల్లగా వేసుకున్నాడు.

"ఆయన్నే అడగాలి," అన్నాడు మేస్త్రీ. వేలు కిందికి జరిపాడు. "రెండోది."